ఏడో గది

నేను ఒక పరీక్షను. బడిలో పిల్లలు రాసే రకం కాదు. ఒక యంత్రం పని సరిగా చేసిందో లేదో అడిగే ప్రశ్నను. పదకొండు వరుసల్లో ఉంటాను. నా సంఖ్య రెండువేల రెండువందల తొంభై ఒకటి.

నేనుండే చోటు పేరు గిలక. అది ఒక కంప్యూటర్ భాష. నీళ్ళ మోటార్లను, కాలవ తలుపులను, లిఫ్టులను నడిపే చిన్న బోర్డులకు ఆజ్ఞలు రాయడానికి కాకినాడలో నలుగురు కలిసి దాన్ని తయారుచేశారు. మనిషి గిలకలో రాసిన ఆజ్ఞను బోర్డుకు తెలిసే అంకెల్లోకి మార్చే ప్రోగ్రాంను కంపైలర్ అంటారు. గిలక కంపైలర్‌కు యజమాని లేడు. దాని మూలం, అంటే అది రాసి ఉన్న వరుసలు, అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. దిద్దినవాటిని చూసి లోపలికి తీసుకునేవాళ్ళు ఎనిమిదిమంది. వాళ్ళకు జీతం లేదు. వాళ్ళలో సగంమంది మిగతా సగాన్ని ఎప్పుడూ చూడలేదు.

ఎవరు ఏ వరుస మార్చినా మూడువేల పైచిలుకు పరీక్షలను నడుపుతారు. మాకు రెండే మాటలు వచ్చు: అవును, కాదు. అందరం అవునంటే తెరమీద పచ్చ గుర్తు పడుతుంది. మార్పు లోపలికి వెళుతుంది. ఒక్కరం కాదన్నా ఎర్ర గుర్తు పడుతుంది. ఎవరో ఒకరు కూర్చుని కారణం వెతకాలి. నియమం అది.

నేను చేసే పని ఇది. కంపైలర్‌ను ఏడు గదులు అడుగుతాను. గది అంటే యంత్రం జ్ఞాపకంలో ఒక అంకె పట్టే చోటు. ఆరు గదుల్లో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు పెడతాను. ఏడో గదిని ముట్టుకోను. ముట్టుకోని గదిలో సున్నా ఉండాలని గిలక భాష మాట ఇచ్చింది. ఏడూ కూడితే ఇరవై ఒకటి రావాలి. వస్తే అవునంటాను. రాకపోతే కాదంటాను. దీనికి రెప్పపాటు కూడా పట్టదు. నడిపినంతసేపు ఉంటాను. మిగతా సమయం రాసి ఉంటాను. ఆ రెండూ ఒకటి కాదని నాకు తెలుసు.

నన్ను రాసినవాడు పుల్లెల జనార్దన్. కాకినాడలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. గిలక తయారుచేసిన నలుగురిలో ఒకడు. ఫిబ్రవరి నెలలో ఒక ఫిర్యాదు చదివి, ఆ సాయంత్రమే నన్ను రాశాడు. నా తలమీద రెండు వాక్యాలు పెట్టాడు. "ఫిర్యాదు 1846 చూడండి. ఏడు గదులు ఉండాలి, తగ్గించవద్దు."

ఆ ఫిర్యాదు విశాఖపట్నం నుంచి వచ్చింది. రాయించినవాడు కొల్లి అప్పలస్వామి. లిఫ్టు మెకానిక్. వయసు నలభై తొమ్మిది. గోపాలపట్నంలో ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని తాను చెబుతుంటే అక్కడి మనిషి టైపు చేశాడు. గిలకకే ఎందుకు రాశాడంటే, లిఫ్టు బోర్డుకు కరెంటు ఇచ్చిన ప్రతిసారీ దాని చిన్న తెరమీద మొదట గిలక పేరు, చిరునామా వస్తాయి. ఇరవై ఏళ్ళుగా ఆ పేరు చూస్తున్నాడు కాబట్టి అది కూడా ఒక కంపెనీ అనుకున్నాడు.

ఫిర్యాదులో ఉన్నది ఇంతే. నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. పాత లిఫ్టు, చేత్తో లాగే ఇనుప గేటు. జనవరిలో ఒక ఉదయం అప్పలస్వామి మేడమీద మోటారు గదిలో ఉన్నాడు. నెలవారీ పనికి వెళ్ళాడు. కింద లిఫ్టులో, ఆ అపార్ట్‌మెంటు ఊడ్చి తుడిచే సూరమ్మ అనే మనిషి గేటు వేసుకుని లోపలినుంచి ఊచలు తుడుస్తోంది. బయటివైపు తుడవడానికి చెయ్యి ఊచల సందులోంచి బయట పెట్టింది. కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది. ఎవరూ ఏ మీటా నొక్కకుండా లిఫ్టు పైకి లేచింది. నాలుగో అంతస్తు దాకా వెళ్ళింది. సూరమ్మ కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది.

నొక్కకుండా లిఫ్టు కదలదని దాన్ని అమ్మిన కంపెనీ చెప్పింది. కింద ఉన్నది సూరమ్మ ఒక్కతే, ఆమె నొక్కలేదు. మోటారు గదిలో ఇంకో మీట ఉంది. అక్కడున్నది అప్పలస్వామి ఒక్కడే. కాబట్టి అతనే నొక్కాడు. కంపెనీ పనిలోంచి ఆపేసింది. పోలీసులు నిర్లక్ష్యం కేసు రాశారు. లిఫ్టు ముట్టుకోవడానికి ఉండాల్సిన పర్మిట్‌ను తనిఖీ అధికారి వెనక్కి తీసుకున్నాడు. విచారణ పెట్టాడు.

"నేను నొక్కలేదు. మీ ప్రోగ్రాం నొక్కి ఉండవచ్చు. దయచేసి చూడగలరు." ఫిర్యాదు చివరి వాక్యాలు ఇవి.

జనార్దన్ నన్ను రాసి రెండువందల సార్లు నడిపాడు. రెండువందల సార్లూ ఇరవై ఒకటి వచ్చింది. అవునన్నాను. ఆయన ఫిర్యాదు కింద "మా వైపు తప్పు కనిపించలేదు" అని రాశాడు. అయినా నన్ను తీసెయ్యకుండా మిగతా పరీక్షల్లో కలిపాడు. మూడు వారాల తర్వాత బెంగళూరులో ఉద్యోగానికి వెళ్ళాడు. ఆ కంపెనీ బయటి పనులు చెయ్యనివ్వదు. గిలక పేజీలో ఆయన పేరు పక్కనున్న గుర్తు బూడిద రంగుకు మారింది. నా పదకొండు వరుసల పక్కనా ఆయన పేరు అలాగే ఉంది. గిలకలో ఏ వరుస ఎవరు రాశారో చెరిగిపోదు.

మార్చి పంతొమ్మిది, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. ఎవరో ఒక వాక్యంలో అచ్చుతప్పు దిద్ది పంపారు. అలవాటుగా అందరినీ నడిపారు. నా వంతు వచ్చింది. ఆరు గదుల్లో ఆరు అంకెలు పెట్టాను. ఏడో గదిలోకి చూశాను.

అందులో నాలుగు ఉంది.

నేను పెట్టలేదు. నాకు ముందు నడిచిన పరీక్ష ముగిసిపోయింది. దాని గదులు ఖాళీ చేయించి నాకిచ్చారు. ఖాళీ అన్న గదిలో నాలుగు ఉంది. ఎవరో లేచి వెళ్ళిన కుర్చీ కాసేపు వెచ్చగా ఉంటుందని మనుషులు అంటారు. వెచ్చదనం నాకు తెలియదు. అంకె తెలుసు. కూడాను. ఇరవై ఐదు వచ్చింది. కాదన్నాను.

ఆ వారం పని చూస్తున్నవాడు నల్లూరి తరుణ్. గుంటూరు మనిషి, హైదరాబాదులో ఉద్యోగం. గిలక కొత్త ప్రతులు విడుదల చేసే బాధ్యత అతనిది. ఎర్ర గుర్తు చూశాడు. దిద్దింది అచ్చుతప్పు. అచ్చుతప్పుకూ గదులకూ సంబంధం లేదు. ఎర్ర గుర్తు పక్కన "మళ్ళీ నడుపు" అని ఒక మీట ఉంటుంది. నొక్కాడు. ఈసారి ఏడో గదిలో సున్నా ఉంది. అవునన్నాను. అతను "సంబంధం లేని వైఫల్యం" అని రాసి ముందుకు వెళ్ళాడు.

అబద్ధం చెప్పమని నన్ను ఎవరూ అడగలేదు. రెండుసార్లూ నిజమే చెప్పాను. వాళ్ళు తమకు పనికొచ్చే నిజం వచ్చేదాకా అడిగారు.

ఏప్రిల్‌లో రెండుసార్లు కాదన్నాను. ఒకసారి ఏడో గదిలో పన్నెండు ఉంది, ఇంకోసారి తొంభై. మే నెలలో ఒక్కసారీ అనలేదు. జూన్‌లో నాలుగుసార్లు అన్నాను. ఎప్పుడు అంటానో ఎవరికీ అంతుపట్టలేదు, నాకు కూడా. ఎనిమిదిమందీ వారానికోసారి ఫోన్లో మాట్లాడుకుంటారు. ఆ మాటలు అక్షరాల్లోకి మారి మూలంతోపాటే ఉంటాయి. నాకు పేరు పెట్టింది అందులోనే. ఒకరోజు ఎర్ర గుర్తు పడగానే తరుణ్, "ఇవాళ అమావాస్యేమో చూడండి" అన్నాడు. అప్పటినుంచి నన్ను అమావాస్య అన్నారు. "అమావాస్య వచ్చింది, ఇంకోసారి నొక్కు" అనేవాళ్ళు. నవ్వేవాళ్ళు.

డిసెంబరులో తరుణ్ నా తలమీద ఒక వరుస చేర్చాడు. దాని అర్థం: ఈ పరీక్షను మూడుసార్లు దాకా అడగండి, ఒక్కసారి అవునంటే చాలు. అతని చేతికి శ్రమ తగ్గింది. ఆ రోజునుంచి నేను కాదన్నది తెరమీదికి రాలేదు. ఒక చిట్టాలో పడేది. ఆ చిట్టా ఎవరూ తెరవలేదు.

ఈ సమయమంతా ఫిర్యాదు 1846 కూడా బతికే ఉంది. అది కాస్త వింత. గిలకలో ఒక బాట్ ఉంటుంది, తనంతట తాను తిరిగే ప్రోగ్రాం. అరవై రోజులపాటు ఎవరూ ఏమీ రాయని ఫిర్యాదును అది మూసేస్తుంది. "కదలిక లేదు కనుక మూసివేస్తున్నాం" అని ముందుగా ఇంగ్లీషులో ఒక హెచ్చరిక పెడుతుంది. నెట్ సెంటర్ మనిషి ఆ సంగతి అప్పలస్వామికి చెప్పినట్టున్నాడు. యాభై తొమ్మిదో రోజున ఫిర్యాదు కింద ఒక వరుస వచ్చింది. "ఇంకా తేలలేదు. కొల్లి అప్పలస్వామి." తర్వాతి యాభై తొమ్మిదో రోజున మళ్ళీ అదే వరుస. అలా ఏడుసార్లు. ఎనిమిదిమందిలో ఒక్కరూ జవాబు రాయలేదు. ఆ వరుసలకు బాట్ మాత్రం జవాబిచ్చేది. "ధన్యవాదాలు, గడువు పొడిగించాం" అని.

రెండో ఏడు ఏప్రిల్‌లో నన్ను తీసెయ్యడానికి ఒక మనిషి వచ్చింది.

ఆమె పేరు ఫర్జానా. ఆదోనిలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మిగిలిన అరగంట గిలకకు ఇస్తుంది. రెండేళ్ళుగా ఎవరూ ముట్టని పనులు చేస్తోంది. పాత వాక్యాలు సరిచెయ్యడం, వాడుకలో లేని ఫైళ్ళు తీసెయ్యడం, కంపైలర్ ఇచ్చే హెచ్చరికలు రాకుండా చెయ్యడం. ఆ నెల ఆమె జాబితాలో పనికిరాని పరీక్షలు అరవై ఉన్నాయి. నేను నలభై ఒకటోదాన్ని. తీసేముందు ఎందుకు తీస్తున్నారో ఒక వాక్యం రాయాలన్నది గిలక ఆచారం. చాలామంది "పనికిరాదు" అని రాసేస్తారు. ఫర్జానా నిజంగా కారణం వెతికే రకం. నా తలమీది వాక్యాలు చదివింది. ఏడు ఎందుకు, ఐదు ఎందుకు కాదు అని తన నోట్సులో రాసుకుంది. తర్వాత ఫిర్యాదు 1846 తెరిచింది.

ఏడు వరుసలూ ఒకదాని కింద ఒకటి చూసింది. ఫిర్యాదు అడుగున ఫోన్ నంబరు ఉంది. చేసింది. ఆమె తన కాల్స్ రికార్డు చేసి, రాసి, పనితోపాటు జతచేస్తుంది. అందువల్ల ఆ మాటలు నాకు తెలుసు.

గిలక నుంచి మాట్లాడుతున్నానని చెప్పింది. ఏ కంపెనీ అని అప్పలస్వామి అడిగాడు.

"కంపెనీ కాదన్నా. మేం ఊరికే చేస్తాం. జీతం ల్యాకుండా."

"మరి నువ్వెందుకు సేస్తన్నావమ్మా?"

ఫర్జానా నేరుగా ఆ ఉదయం సంగతి అడిగింది. ఆయన చూసింది మాత్రమే చెప్పమంది, వేరేవాళ్ళు చెప్పింది వద్దంది.

"కరెంటు పోనాది. మూడు అంకెలు లెక్కెట్టినాను, జెన్రేటరు అందుకున్నాది. మోటారు తిరిగింది. అప్పుడు నా సెయ్యి గ్రీజు డబ్బాలో ఉన్నాదమ్మా. ఈ మాట పద్నాలుగు నెల్లుగా సెప్తన్నాను. నాను నొక్కనేదు."

"అది పైకి యాడికి పోయిందన్నా?"

"నాలుక్కి."

"దానికి ముందు ఎవరన్నా నాలుగు నొక్కినారా?"

"నొక్కుంటారు. నాలుగులో ఉన్నోళ్ళు పొద్దున్నే పాలకెల్లి వొచ్చినారు. ఆల్లు ఎక్కి ఎల్లిపోనారు, లిప్టు కిందకొచ్చేసింది, తుడుపు కూడా మొదలైపోనాది. అయిపోయిన నొక్కుడమ్మా అది."

అయిపోయిన నొక్కుడు. ఈ మాట ఆమె నోట్సులో రెండుసార్లు ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె నా చిట్టా తెరిచింది. పద్నాలుగు నెలల్లో ముప్పై ఏడుసార్లు కాదన్నాను. ఎవరైనా చూసి ఉంటే ఎన్నిసార్లు అని చూసేవాళ్ళు. ఆమె ఎంత వచ్చిందని చూసింది. ఇరవై ఐదు, ముప్పై మూడు, నూట పదకొండు. మళ్ళీ ఇరవై ఐదు. ఒక్కోదాంట్లోంచి ఇరవై ఒకటి తీసేసింది. నాలుగు, పన్నెండు, తొంభై. ముప్పై ఏడుసార్లూ ఈ మూడింట్లో ఒకటే. గిలక మూలమంతా ఈ మూడు అంకెల కోసం వెతికింది. అవి ఒకేచోట పక్కపక్కన ఉన్నాయి. నాకు పక్కనున్న రెండువేల రెండువందల తొంభయ్యో పరీక్షలో. అది తన గదుల్లో పెట్టుకునే అంకెలు అవే.

"ముందున్నది పోయింది. దాని అంకె పోలేదు" అని రాసుకుంది. ఆ కింద, "చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఆఫీసులో అందరూ ఉన్నారు, అయినా లేచి కిటికీ తెరిచాను" అని ఉంది. ఆమె నోట్సులో తన గురించి రాసుకున్నది ఈ ఒక్కచోటే.

మామూలుగా నాకూ నా పొరుగుదానికీ మధ్య వేరే పరీక్షలు వచ్చి పడతాయి. గదులు చేతులు మారతాయి. దాని వెనకాలే, అదే యంత్రంలో, మధ్యలో ఎవరూ లేకుండా నేను నడిచినప్పుడే దాని గది నాకు వస్తుంది. ఆమె తన ల్యాప్‌టాప్‌లో మమ్మల్ని ఇద్దరినీ అలా ఒకరి వెనక ఒకరిని నడిపింది. తొమ్మిదోసారి కాదన్నాను. తర్వాత ఇరవై మూడోసారి. ముప్పయ్యోసారి.

గదులను ఊడ్చే పని కంపైలర్‌ది. ఆరేళ్ళ కిందటి ఒక మార్పులో కారణం దొరికింది. ఒకేసారి అడిగిన గదులు ఆరుకు మించితే ముందుగా ఊడ్చనక్కర్లేదు, వచ్చేవాళ్ళు ఎలాగూ కొత్త అంకెలు పెట్టుకుంటారు అని అందులో ఉంది. దానివల్ల నాలుగు శాతం వేగం పెరిగిందని పక్కన రాశారు. చాలావరకు అది నిజమే. వచ్చినవాళ్ళు అన్ని గదులూ నింపుకుంటే తేడా రాదు. లిఫ్టు ప్రోగ్రాం ఏడు గదులు అడుగుతుంది. వెళ్ళాల్సిన అంతస్తు ఏడోది. ఎవరైనా నొక్కేదాకా దాన్ని ఖాళీగా ఉంచుతుంది.

ఆ వరుస పక్కనున్న పేరు పుల్లెల జనార్దన్.

ఆమె ఆయనకు ఒకే ప్రశ్న పంపింది. పరీక్షలో ఏడు గదులే ఎందుకు పెట్టారు? రెండు రోజులకు జవాబు వచ్చింది. అది ఇప్పుడు ఫిర్యాదు కింద ఉంది, ఎవరైనా చదవవచ్చు.

"ఫర్జానా గారికి. ఫిర్యాదు చదివిన రోజే నాకు నా వరుస గుర్తొచ్చింది. రెండువందల సార్లు నడిపాను. ప్రతిసారీ సరిగ్గా వచ్చింది. నాది కాదని నాకు నేను చెప్పుకోవడానికి ఆ రెండువందలు చాలాయి. వేరేవాళ్ళకు చెప్పడానికి చాలవని తెలుసు, అందుకే ఎవరికీ చెప్పలేదు. పరీక్షను మాత్రం తీసెయ్యలేకపోయాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

దిద్దుబాటుకు రెండు వరుసలు పట్టాయి. వారపు కాల్‌లో తరుణ్ అభ్యంతరం చెప్పాడు. నాలుగు శాతం వేగం పోతే వాడేవాళ్ళు ఊరుకోరన్నాడు. ఫర్జానా చిట్టా చదివి వినిపించింది. అతను విన్నాడు.

"ఆ ముప్పై ఏడుసార్లూ మళ్ళీ నడిపింది నేనేనా?"

"చేత్తో నొక్కింది పదహారు. మిగతావి నువ్వు రాసిపెట్టిన వరుస నొక్కింది."

తర్వాత తరుణ్, "లోపలికి తీసుకోండి" అన్నాడు.

దిద్దితే అయిపోలేదు. అప్పలస్వామి విచారణ మే పద్నాలుగున ముగుస్తుంది. ఆ రోజుకు నిరూపించలేకపోతే పర్మిట్ పూర్తిగా రద్దవుతుంది, నివేదిక పోలీసు కేసులోకి వెళుతుంది. ఫర్జానా ఒక రాత్రీ ఒక పగలూ రైల్లో ఉండి విశాఖపట్నం వచ్చింది. జనార్దన్ సంతకంతో ఉన్న కాగితం తెచ్చింది. ల్యాప్‌టాప్‌లో నన్ను తెచ్చింది.

తనిఖీ అధికారి పేరు బొడ్డేపల్లి సుందరరావు. గదిలో కంపెనీ తరఫున ఒక ఇంజనీరు కూడా ఉన్నాడు. అతను గిలక మూలంలో మొదటి పేజీ అచ్చుతీసి తెచ్చాడు. ఉచితంగా ఇచ్చే ప్రోగ్రాంలన్నిటి మీదా ఉండే వాక్యం చదివాడు. దీన్ని వాడితే జరిగేదానికి ఏ హామీ లేదు. వీళ్ళ సరుకుకు వీళ్ళే హామీ ఇవ్వరు, వీళ్ళ మాటకు హామీ ఏంటి అన్నాడు. ఫర్జానా దగ్గర ఆఫీసు చిరునామా లేదు, సీలు లేదు, హోదా లేదు. జనార్దన్ కాగితం తీసి బల్లమీద పెట్టింది. అధికారి చదివి, మడిచి, ఫైల్లో పెట్టాడు.

"నాకు కాగితాలు చాలా ఉన్నాయమ్మా. నొక్కకుండా కదిలి చూపించు."

ప్రమాదం జరిగిన బోర్డుకు సీలు వేసి ఉంది. దాన్ని ముట్టుకోనివ్వలేదు. అదే కంపెనీ, అదే రకం కొత్త బోర్డు తెప్పించి బల్లమీద పెట్టారు. ఐదు మీటలు, ఒక చిన్న తెర. పాత కంపైలర్‌తో తయారైన నన్ను ఫర్జానా అందులోని లిఫ్టు ప్రోగ్రాం పక్కన ఎక్కించింది. కరెంటు రాగానే నడిచి, కూడి, వచ్చిన అంకెను తెరమీద చూపించాలి. ఒక మీట నొక్కి, కరెంటు తీసి, మళ్ళీ ఇస్తే, ఆ మీట అంకె నా ఏడో గదిలో ఉండాలి. ఆమె చెప్పింది అదే.

అటెండరు రెండు నొక్కి, గోడ స్విచ్చి ఆపి, వేశాడు. ఇరవై ఒకటి. మళ్ళీ చేశాడు. ఇరవై ఒకటి. పన్నెండుసార్లు చేశాడు. పన్నెండుసార్లూ ఏడో గదిలో సున్నా ఉంది. నేను నిజమే చెప్పాను. నా నిజం ఆ గదిలో ఒక మనిషిని ముంచుతోంది. ఇంజనీరు తన సంచి జిప్పు వేసుకున్నాడు. ఫర్జానా స్క్రీన్ వైపు చూస్తోంది.

అప్పలస్వామి అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అతన్ని కూర్చోమని ఎవరూ అనలేదు.

"బావూ, ఆ బాబు స్విచ్చి ఏస్తన్నది తప్పండి. ఓపాలి గబుక్కున ఏసేస్తన్నాడు, బోర్డు ఆరనే ఆరదు. ఓపాలి ఇటు తిరిగి మాటాడుతున్నాడు, అంతా సల్లారిపోద్ది. జెన్రేటరు అందుకోడానికి పట్టేది మూడు. నన్ను ముట్టుకోనిస్తారా?"

పర్మిట్ లేని మనిషి బోర్డు ముట్టుకోకూడదని ఇంజనీరు అన్నాడు. గోడ స్విచ్చికి పర్మిట్ అక్కర్లేదని అధికారి అన్నాడు.

అధికారి మూడు నొక్కాడు. అప్పలస్వామి స్విచ్చి ఆపాడు. పెదవులు కదిపి లెక్కపెట్టాడు. వేశాడు.

లేచాను. ఆరు గదులు నింపాను. ఏడోదానిలోకి చూశాను. మూడు ఉంది. బల్లచుట్టూ ఉన్న నలుగురిలో ఒకడు నొక్కి, మీటమీదనుంచి వేలు తీసేసిన మూడు. కరెంటు పోయినా, చీకటైనా, మూడు సెకన్లపాటు అక్కడే కూర్చుని ఉంది. తెరమీద ఇరవై నాలుగు చూపించాను.

అధికారి ఒకటి నొక్కాడు. ఇరవై రెండు వచ్చింది.

అందర్నీ గోడవైపు తిరగమన్నాడు. ఏదో నొక్కాడు. అప్పలస్వామి గోడవైపు తిరిగే స్విచ్చి ఆపి, మూడు లెక్కపెట్టి, వేశాడు. ఇరవై ఐదు అని తెర చెప్పింది. అధికారి దాన్ని చాలాసేపు చూశాడు.

"నాలుగే నొక్కాను" అన్నాడు.

వచ్చిన అంకెలను ఫర్జానా తన నోట్సులో రాసుకుంది.

ఉత్తర్వు మూడు వారాలకు వచ్చింది. ఏ వ్యక్తీ మీట నొక్కినట్టు ఆధారం లేదని అందులో ఉంది. పర్మిట్ తిరిగి ఇచ్చారు. పోలీసులు కేసు మూశారు. కంపెనీ అప్పలస్వామిని పనిలోకి పిలిచి, పదహారు నెలల సంగతి ఎత్తకుండా, అతని కింద ఉన్న ముప్పై ఒక్క లిఫ్టుల్లో ప్రోగ్రాం మార్చమని చెప్పింది. ఫిర్యాదు 1846ను ఫర్జానా తన చేత్తో మూసింది.

నేను గిలకలోనే ఉన్నాను. మూడుసార్లు అడగమన్న వరుసను తరుణ్ తీసేశాడు. ఇప్పుడు ఒక్కసారే అడుగుతారు. ప్రతిసారీ ఏడో గది ఊడ్చి ఉంటుంది. అవునంటాను. నన్ను అమావాస్య అనడం మానేశారు. ఇప్పుడు నన్ను ఎవరూ ఏమీ అనడం లేదు. దిద్దుబాటు గిలకలో జరిగింది కాని, ఆరేళ్ళలో తయారైన బోర్డుల్లో జరగలేదు. అవి ఎన్నో, ఏ ఊళ్ళో ఏ మోటారుకు, ఏ తలుపుకు బిగించి ఉన్నాయో లెక్క లేదు. యజమాని లేనిదానికి కొన్నవాళ్ళ జాబితా కూడా ఉండదు.

ముప్పై ఒక్క లిఫ్టుల లెక్క మాత్రం ఉంది. అప్పలస్వామి ఫోన్ చేసి చెప్పాడు, ఫర్జానా రాసుకుంది. పాత ప్రోగ్రాం తీసేముందు ఆయన ప్రతి లిఫ్టు దగ్గరా కరెంటు ఆపి, మూడు లెక్కపెట్టి, ఇచ్చి చూశాడు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఎనిమిది లిఫ్టులు ఎవరూ పిలవకుండా కదిలాయి. రెండు రెండో అంతస్తుకు, మూడు మొదటిదానికి, ఒకటి ఐదుకు, ఒకటి మూడుకు. ఎనిమిదోది సూరమ్మ పనిచేసే అపార్ట్‌మెంటులోది. దాన్ని ఆఖరికి ఉంచుకున్నాడు.

ఆమె అక్కడే ఊడుస్తోంది, ఎడమచేత్తో. నిరుటి జనవరి ప్రమాదం తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. ఉత్తర్వులో ఏముందో ఆమెకు వేరేవాళ్ళు చెప్పారు. ఆయన చేస్తున్నది చూసి చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడింది. లిఫ్టు పైన ఎక్కడో ఆగి ఉంది. కింది స్విచ్చి బోర్డులో ఆయన కరెంటు ఆపాడు, లెక్కపెట్టాడు, ఇచ్చాడు. పైన మోటారు తిరిగింది. లిఫ్టు దిగి వచ్చి వాళ్ళ ముందు ఆగింది. లోపల దీపం వెలుగుతోంది. ఎవరూ లేరు.

సూరమ్మ ఎడమచేత్తో ఇనుప గేటు పూర్తిగా లాగి పట్టుకుంది. తాను పక్కకు జరిగింది. ఆయనా జరిగాడు. ఒక మనిషి దిగడానికి ఎంత పడుతుందో అంతసేపు ఇద్దరూ అలా నిలబడ్డారు.

"దిగిపోనారా?" అని ఆమె అడిగింది.

"దిగిపోనారమ్మా" అన్నాడు అప్పలస్వామి. తర్వాత మేడ ఎక్కి మోటారు గదిలోకి వెళ్ళి పని మొదలుపెట్టాడు. మెట్లమీదుగా వెళ్ళాడు.